సంఘములో జీతము లేని సేవకులు – మన కృతజ్ఞత, మన బాధ్యత

(బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతముల సంఘ పెద్దలు, సండే స్కూలు ఉపాధ్యాయులు, స్త్రీల మైత్రి, యువజన సభ్యుల కూటమిలో చేసిన ప్రసంగ పాఠము. మూల వాక్యభాగము: నిర్గమకాండము 17:8–13)



నూరేండ్ల పండుగ అనగానే మన తలంపులు మొదట పెద్ద పేర్ల వైపునకు పోవును. పోవలసినదే. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అను ఇద్దరు చర్చి మిషనెరీ సొసైటీ పక్షమున ఈ బందరులో తెలుగు మిషను పని ఆరంభించినారు. 1843లో నోబుల్ గారు తెరచిన పాఠశాల నేడు నోబుల్ కళాశాలగా మన కన్నుల ఎదుట నిలిచియున్నది. ఫాక్స్ గారు ఆరోగ్యము చెడి 1848లోనే మరణించినారు. నోబుల్ గారు 1865లో ఈ ఊరనే కన్నుమూసినారు. ఆ తరువాత 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింట్ పాల్ కెథెడ్రల్‌లో వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు దోర్నకల్ బిషప్‌గా అభిషేకము పొందినారు. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడైన మొదటి బిషప్ ఆయనే. కృష్ణా మండలములోని మన సంఘములు కూడ తరువాత ఆయన పర్యవేక్షణలోనికి వచ్చినవి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. ఇవన్నియు మన పిల్లలకు చెప్పదగిన సంగతులు.

అయితే ఈ చరిత్రలో శిలాఫలకము ఎక్కని భాగమొకటి కలదు. దొరలు ఎందరు? గురువులు ఎందరు? వేళ్లమీద లెక్కింపవచ్చును. మరి ఇన్ని పేటలలో, ఇన్ని లంకలలో, ఇన్ని పల్లెలలో సువార్త ఎవరి నోట పోయినది? రాఘవాపురము వాడైన పాగోలు వెంకయ్య గారు డార్లింగ్ దొరగారి బోధ విని 1859లో బాప్తిస్మము పొందినారు. ఆయన తాను నమ్మి ఊరకుండలేదు. తన వారికి చెప్పినారు, చుట్టుప్రక్కల ఊళ్లవారికి చెప్పినారు. కృష్ణా మండలములో మాలపల్లెల నుండి కుటుంబములకు కుటుంబములు సంఘములో చేరిన ఉద్యమమునకు ఆరంభము ఆయన సాక్ష్యమే. ఆయన కళాశాలలో చదివినవాడు కాడు, పట్టాభిషిక్తుడైన గురువు కాడు.

అజరయ్యగారు ఈ సంగతిని బాగుగా గ్రహించిన బిషప్. బాప్తిస్మము పొందినవారి చేతిని వారి తలపై పెట్టించి, సువార్త ప్రకటింపని యెడల నాకు శ్రమ అని పౌలు చెప్పిన భావమును వారి చేతనే పలికించెడివారు. ఏటేట సాక్ష్య వారము ఏర్పరచి, కూలి చేసుకొను సామాన్య విశ్వాసులను పొరుగు గ్రామములకు పంపెడివారు. స్త్రీలు వంటకు బియ్యము కొలిచినప్పుడెల్ల ఒక పిడికెడు వేరుగా తీసి దేవుని కొరకు దాచు అలవాటును వ్యాపింపజేసినారు. మన సంఘముల పునాదిలో బంగారు నాణెములకంటె ఆ పిడికెడు బియ్యమే ఎక్కువ. జీతము లేని సేవ మన సంఘములకు ఇటీవల వచ్చిన ఏర్పాటు కాదు. మనము పుట్టినదే దానిలో.

ఇప్పుడు నేటి సంగతి చూతము. మన ప్రాంతములో ఒక్కొక్క పాస్టరేటు క్రింద అనేక గ్రామములున్నవి. అయ్యగారు ఒక్కరు. ప్రతి ఆదివారము ప్రతి ఊరిలో ఉండుట ఆయనకు సాధ్యము కాదు. చిన్న సంఘములకు ప్రభురాత్రి భోజనము నెలకొకసారి అందిన గొప్ప. మరి మిగిలిన ఆదివారములు గుడి తలుపు తీయువారెవరు? తెల్లవారకముందే వాకిలి ఊడ్చి కల్లాపి చల్లువారెవరు? మొదటి గంట, రెండవ గంట వేయువారెవరు? ఆరాధన క్రమము చదువువారెవరు? చాపలు పరచి, పిల్లలను కూర్చుండబెట్టి, కంఠతా వాక్యము నేర్పువారెవరు? డోలక్ వాయించి కీర్తన ఎత్తుకొనువారెవరు? అర్ధరాత్రి ఒకరింట మరణము సంభవించినయెడల పెట్టె చేయించి, గొయ్యి త్రవ్వి, మోసికొనిపోవువారెవరు? బందరు పెద్దాసుపత్రిలో ఒంటరిగా ఉన్న రోగి మంచము ప్రక్కన రాత్రి కూర్చుండువారెవరు?

వీరిలో ఎవరికిని జీతము లేదు. చాలమందికి పదవి కూడ లేదు. పగలంతయు వారికి వేరే పనులున్నవి. గుడివాడ వంటి పట్టణములో అయితే ఒకరు రైసు మిల్లులో గుమాస్తా, ఒకరు రైలుబండి మీద రోజూ బెజవాడ పోయివచ్చు ఉద్యోగి, ఒకరు ఇంటివద్ద కుట్టుమిషను పెట్టుకొన్న తల్లి. ఆమె వారమంతయు కుట్టి, శనివారము రాత్రి సండే స్కూలు పాఠమునకు కూర్చుండును. పెడన వైపు కలంకారీ అద్దకములో పనిచేయువారున్నారు. నాగాయలంక, కోడూరు వైపు వేటకు పోవువారు, రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా కాయువారు ఉన్నారు. కాపలా దిగి, ముఖము కడుగుకొని, నేరుగా గుడికి వచ్చి గంట వేయు యౌవనస్థులను మేమెరుగుదుము.

ఈ డెల్టాలో కాలచక్రమును కూడ మనము మరువరాదు. మనకు క్రిస్మసు వచ్చునది సార్వా కోతలు, కుప్పలు, నూర్పిళ్ల దినములలో. ఏడాదిలో కూలి దొరకు దినములవి. పగలు చేలో వంగి పనిచేసినవారే రాత్రి లాంతరో బ్యాటరీ లైటో పట్టుకొని ఇంటింట కీర్తనలు పాడుచు తిరుగుచున్నారు. గుడికి రంగులు వేయువారు, నక్షత్రము కట్టువారు, పిల్లలచేత నాటిక నేర్పించువారు కూడ వారే. మండు వేసవిలో సెలవు బైబిలు పాఠశాల వచ్చును. అప్పుడు కూడ వారే. మట్టల ఆదివారమునకు మట్టలు కొట్టి తెచ్చునది వారే, సమాధుల తోటలో తుప్పలు నరకునది వారే. పని పెరిగినకొలది మనుష్యులు పెరుగుటలేదు. చదువుకొన్న పిల్లలు హైదరాబాదుకు, బెంగుళూరుకు, గల్ఫు దేశములకు పోవుచున్నారు. మిగిలినవారిమీద బరువు రెట్టింపగుచున్నది.

ఈ వాక్యభాగమును మరల ఒకసారి గమనింతము. రెఫీదీములో అమాలేకీయులతో యుద్ధము. క్రింద యెహోషువ పోరాడుచున్నాడు. కొండమీద మోషే చేతులెత్తి నిలిచినాడు. చేతులు బరువెక్కినవి. అప్పుడు అహరోను, హూరు అను ఇద్దరు ఏమి చేసినారు? మనము తరచుగా వారు మోషే చేతులు పట్టుకొన్నారని మాత్రమే చెప్పుకొందుము. అయితే 12వ వచనమును నిదానముగా చదివినయెడల అంతకుముందు వారు చేసిన పని ఒకటి కనబడును. వారొక రాయి తెచ్చి ఆయన క్రింద వేసినారు. ఆయన దానిమీద కూర్చున్నాడు. ఆ తరువాతనే చెరి యొక ప్రక్క నిలిచి చేతులు ఆదుకొన్నారు.

ఇందులో మనకు గొప్ప పాఠమున్నది. మోషే అలసట ఆత్మీయ బలహీనత అని వారు తలంచలేదు. ఇంకను ప్రార్థించుము, దేవుడే బలమిచ్చునని చెప్పి దూరముగా నిలువలేదు. దాసుడా, నీవు గొప్పవాడవని పొగడి ఊరుకొనలేదు. కాళ్లు నొచ్చుచున్న మనిషికి కూర్చుండుటకు చోటు కావలెనని చూచినారు. చేతికి అందిన రాయి తెచ్చినారు. ప్రోత్సాహమునకు ముందు ఆసరా. ఈనాడు మేము మీ ఎదుట ఉంచదలచిన మాట ఇదియొక్కటే. సంఘము తన సేవకులకు చెప్పవలసిన కృతజ్ఞత మొదట వారి బరువు తగ్గించుటలో కనబడవలెను. ఆ తరువాత శాలువా కప్పినను అందముగా ఉండును. బరువు తగ్గింపక కప్పిన శాలువా కూడ ఆ భుజములకు మరియొక బరువే.

మా ఎరుకలోని ఒక పల్లెలో ఒక సహోదరి చాల ఏండ్లు సండే స్కూలు నడిపినారు. సుద్దముక్కలు, రంగు పెన్సిళ్లు, పిల్లలకు పంచు బిస్కత్తులు, బహుమతులు అన్నియు తన కూలి డబ్బులలోనుండి కొన్నారు. ఒక ఏడాది వార్షికోత్సవములో ఆమెకు శాలువా కప్పి ఫోటో తీసినారు. మరుసటి నెలలో ఆమె పిల్లవాడికి జబ్బు చేసి, రెండు ఆదివారములు రాలేకపోయినారు. మూడవ ఆదివారము వచ్చినప్పుడు పలకరించిన మాట, “ఏమమ్మా, పిల్లలు వచ్చి తిరిగి పోతున్నారు” అనునది మాత్రమే. పిల్లవాడికి ఎట్లున్నదని అడిగినవారు లేరు. ఆమె ఎవరిమీదను కోపపడలేదు. “నా వల్ల కావడం లేదండి అయ్యగారూ, ఇంకెవరినైనా చూసుకోండి” అని తాళపుచెవి ఇచ్చి వెళ్లినారు. ఆ ఊరిలో సండే స్కూలు చాలకాలము ఆగిపోయినది. సంఘములు బయటివారి వ్యతిరేకత వలన బలహీనపడినవని మనము తరచు చెప్పుకొందుము. ఇట్లు మౌనముగా తిరిగి ఇచ్చిన తాళపుచెవుల లెక్క ఎవరు వేసినారు?

ఇక ఈ ఆసరా ఏ విధముగా ఇయ్యవలెనో క్లుప్తముగా అయిదు మాటలలో చెప్పెదము.

మొదటిది, పనిని ఎరిగి, పేరు పెట్టి చెప్పుట. రోమా పత్రిక 16వ అధ్యాయమును మనము పేర్ల పట్టిక అని దాటిపోవుదుము. పౌలు అందులో అందరికిని కలిపి ఒక వందనము చెప్పి ఊరుకొనలేదు. ఫీబే అనేకులకు సహాయురాలని చెప్పినాడు. ప్రిస్కిల్ల, అకుల తన ప్రాణము కొరకు తమ ప్రాణములకు తెగించినారని చెప్పినాడు. మరియ ప్రయాసపడినదని చెప్పినాడు. త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు అను స్త్రీల కష్టమును పేరుపేరున తలంచినాడు. నెహెమ్యా 3వ అధ్యాయము కూడ అట్టిదే. ఎవరు ఏ గుమ్మము కట్టినారో, ఎవరు తమ ఇంటి ఎదుటి గోడ బాగుచేసినారో వ్రాసియున్నది. షల్లూము కుమార్తెల పని కూడ విడువలేదు. వేదికమీద “సహకరించిన వారందరికి వందనములు” అని ఒక్కమాటతో ముగించుట మనకు సులువైన అలవాటైనది. అది ఎవరి చెవికిని తన పేరుగా వినబడదు. ఫలానా అమ్మగారు ఏడాది పొడుగున వేకువనే గుడి ఊడ్చినారు అని చెప్పి చూడుడి. ఆమెకు మాత్రమే కాదు, చెప్పులు విడిచి లోపలికి వచ్చు ప్రతివారికిని ఆ నేల వేరుగా కనబడును.

రెండవది, ఖర్చు సంఘము భరించుట. జీతము వేరు, ఖర్చు వేరు. జీతము వద్దని తన సమయమును దేవునికిచ్చిన మనిషి చేత బస్సు చార్జీలు కూడ పెట్టించుట న్యాయము కాదు. కోడూరు నుండి బందరు శిక్షణ తరగతికి ఒక ఉపాధ్యాయురాలు రావలెనన్న, రానుపోను చార్జీలు, ఆ దినము పోయిన కూలి, ఇంట పిల్లలను చూచు మనిషి, ఇన్ని కావలెను. పౌలు కొరింథులో జీతము తీసికొనలేదు. అయినను ఫిలిప్పీ సంఘము తన అవసరమునకు పంపినదానిని సంతోషముతో అందుకొని, దానిని దేవునికి ప్రియమైన అర్పణగా ఎంచినాడు. పాస్టరేటు లెక్కల పుస్తకములో రంగులకు, మైకుకు, పందిరికి పద్దులున్నవి. సేవకుల ఖర్చులకు కూడ ఒక పద్దు ఉండవలెను. అడుగుటకు సిగ్గుపడువారే ఎక్కువ గనుక, వారు అడుగకముందే కోశాధికారి వారి చేతికి ఇయ్యవలెను.

మూడవది, విశ్రాంతి. శిష్యులు పని ముగించుకొని వచ్చి చెప్పుచుండగా, జనులు వచ్చుచు పోవుచు వారికి భోజనమునకైనను తీరిక లేకపోగా, ప్రభువు వారిని ఏకాంత స్థలమునకు వచ్చి కొంచెము అలసట తీర్చుకొనుడని పిలిచినాడు. ఏలీయా చావుగోరి బదరీ చెట్టు క్రింద పండుకొన్నప్పుడు, దేవుని దూత మొదట గద్దింపలేదు, ప్రసంగింపలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి మరల నిద్రపోనిచ్చినాడు. మన సంఘములలో సేవకులకు సెలవు అను మాట లేదు. ఒకసారి గంట త్రాడు పట్టిన చేయి చచ్చువరకు పట్టవలసినదే. అట్లు కాక, ప్రతి పనికిని ఇద్దరుండవలెను. నాట్ల దినములలో ఒకరు, కోతల దినములలో ఒకరు. ఏడాదికి కొన్ని ఆదివారములు సండే స్కూలు ఉపాధ్యాయులు తామే గుడిలో కూర్చుండి వాక్యము వినునట్లు పెద్దలు పిల్లలను చూడవలెను. ఎల్లప్పుడు వడ్డించువాడు ఎప్పుడు భుజించును?

నాలుగవది, నేర్పుట, మాటకు చోటిచ్చుట. పని అప్పగించి విధానము చెప్పకుండుట చీకటిలో పడవ అప్పగించినట్లు. అక్షరము తక్కువ వచ్చిన పెద్దకు పాఠము చదివి వినిపించువారు కావలెను. చిన్న పిల్లలకు చెప్పువారికి బొమ్మలతో చెప్పు విధము నేర్పవలెను. పిల్లల క్షేమమును గూర్చి జాగ్రత్తలు ఈ దినములలో మరి అవసరము. అంతకంటె ముఖ్యమైనది, నిర్ణయము చేయునప్పుడు వారిని పిలుచుట. క్రిస్మసు కార్యక్రమము కమిటీ నిర్ణయించును, రాత్రి తొమ్మిది గంటలకు ఫోనుచేసి రేపు పిల్లలను సిద్ధపరచుమని చెప్పుదురు. పని చేయువారి మాట వినక చేసిన ఏర్పాటు పని చేయువారికి శిక్షయగును. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో విధవరాండ్ర భోజనపు సణుగుడు వచ్చినప్పుడు, అపొస్తలులు సణిగినవారిని కోపపడలేదు. ఏడుగురిని ఏర్పరచి, చేతులుంచి ప్రార్థించి, పనితో కూడ అధికారమును ఇచ్చినారు. యిత్రో మోషేకు చెప్పిన సలహా కూడ అదియే.

అయిదవది, వారి కష్టదినములలో వారి ఇంటికి పోవుట. ఈ విషయములో మన ప్రాంతమునకు వేరే సాక్ష్యము కలదు.

1864 నవంబరు 1వ తేదీ, సకల పరిశుద్ధుల దినము. ఆ రాత్రి ఉప్పెన బందరును ముంచినది. సుమారు ముప్పదివేల మంది చనిపోయినారని లెక్క. తరువాత 1977 నవంబరు 19, శనివారము. దివిసీమను సముద్రము మ్రింగినది. హంసలదీవి, పాలకాయతిప్ప మొదలుకొని మైళ్లకొలది లోపలికి నీరు వచ్చినది. చనిపోయినవారు పదివేల వరకు అని ప్రభుత్వ లెక్క. అంతకంటె ఎక్కువని జనుల మాట. మేము అప్పటికి పుట్టలేదు. పెద్దలు చెప్పగా విన్నవారము. మరునాడు ఆదివారము. గంట వేయవలసిన దినము. ఎన్నో ఊళ్లలో గుడి లేదు, గంట లేదు, వేయు మనిషి లేడు.

ఆ దినములలో ఎక్కడెక్కడి నుండియో స్వచ్ఛంద సేవకులు వచ్చినారు. మతము, కులము, పార్టీ చూడలేదు. మండలి వెంకట కృష్ణారావు గారి వంటి ప్రజానాయకులు బాధితుల నడుమ నిలిచి పనిచేసినారు. మదర్ థెరిసా గారు వచ్చినారు. సంఘముల పక్షమున కాసా సంస్థ సహాయము తెచ్చి, ఆ తరువాత తీరమున తుఫాను ఆశ్రయ భవనములు కట్టించినది. ఇవి గ్రంథములలో ఉన్న సంగతులు. గ్రంథములలో లేనిది ఒకటి పెద్దలు చెప్పుదురు. శవములను మోసిన యౌవనస్థులలో కొందరు తమ ఇంటివారిని కూడ పోగొట్టుకొన్నవారే. ఉప్పునీరు నిండిన బావులు తోడినవారు, గంజి కాచి పోసినవారు చాలకాలము సరిగా తినలేదు, నిద్రపోలేదు. సహాయము పొందినవారి పట్టికలో వారి పేర్లు లేవు, ఏలయనగా వారు సహాయము చేయువారు గదా! సేవచేయువానికి కూడ పూడ్చిపెట్టవలసిన తల్లి ఉండునని, ఏడ్వవలసిన కన్నీరు ఉండునని లోకము మరచిపోవును. సంఘము మరువరాదు.

ఉప్పెన ప్రతి ఏడు రాదు. కాని మన సేవకుల ఇండ్లలో చిన్న ఉప్పెనలు ప్రతి ఏడు వచ్చుచున్నవి. వేటకు పోయిన పడవ దెబ్బతినును. రొయ్యకు తెగులు వచ్చి కూలి ఆగును. ఆడపిల్ల పెండ్లి అప్పు మిగులును. భర్త త్రాగుడు. అట్టి ఇంటికి పాస్టరు, పెద్దలు పోవునప్పుడు, ఆదివారము పని ఎవరు చూచెదరని అడుగుటకు కాక, మీకేమి కావలెనని అడుగుటకు పోవలెను.

ఇక్కడ కొందరు పెద్దలు అడుగు ప్రశ్నలకు కూడ జవాబు చెప్పవలసియున్నది. “దేవుని పనికి మనుష్యుల మెప్పు ఎందుకండీ? కుడిచేయి చేసినది ఎడమచేతికి తెలియకూడదు గదా!” అందురు. నిజమే. అయితే ప్రభువు ఆ మాట ఇచ్చువానికి చెప్పినాడు. పుచ్చుకొనువానికి మౌనముగా ఉండుమని చెప్పలేదు. పదిమంది కుష్ఠరోగులు బాగుపడగా ఒక్కడే తిరిగి వచ్చినప్పుడు, తక్కిన తొమ్మండుగురు ఎక్కడనని ఆయనే అడిగినాడు. సేవకుడు మెప్పు కోరకుండుట అతని ధర్మము. సంఘము అతనిని మరువకుండుట సంఘము ధర్మము. ఒకరి ధర్మమును చూపి మరియొకరు తమ ధర్మమును తప్పించుకొనరాదు. స్తెఫను ఇంటివారు పరిశుద్ధుల సేవకు తమ్మును తాము అప్పగించుకొన్నారని పౌలు వ్రాసి, అట్టివారిని గుర్తించి గౌరవింపవలెనని కొరింథీ సంఘమునకు స్పష్టముగా ఆజ్ఞాపించినాడు.

“ఒకరిని మెచ్చుకొన్న ఇంకొకరికి అసూయ కలుగును” అని మరికొందరి భయము. అసూయ పుట్టునది మెప్పువలన కాదు, పక్షపాతము వలన. కానుక పెద్దదిచ్చిన వారికి, పలుకుబడి గలవారికి, కమిటీవారి బంధువులకు శాలువాలు కప్పి, సమాధుల తోట శుభ్రముచేసిన వానిని వెనుక వరుసలో నిలబెట్టినప్పుడు అసూయ కాదు, గాయమే కలుగును. దావీదు బెసోరు వాగు యొద్ద చేసిన కట్టడ మనకు మాదిరి. యుద్ధమునకు పోయినవానికి ఎంత భాగమో, అలసి సామాను యొద్ద నిలిచినవానికి కూడ అంతే భాగము. ప్రసంగము చేసినవాడు, చెప్పులు సర్దినవాడు ఒకే బల్లయొద్ద కూర్చుండు సంఘములో అసూయకు చోటు తక్కువ.

సేవచేయుచున్న సహోదరీ సహోదరులారా, మీతో కూడ ఒక మాట. మీ పనిని ప్రేమించుడి, కాని పట్టుకొని కూర్చుండకుడి. తాళపుచెవి మనదని, మైకు మనదని, పిల్లల తరగతి మనదని అనుకొన్న దినమున సేవ పదవిగా మారును. మీ ప్రక్కన ఒక చిన్నవానిని, ఒక చిన్నదానిని నిలుపుకొని నేర్పుడి. వారు తప్పుగా చదివినను ఓర్చుకొనుడి. అలసినప్పుడు అలసితినని చెప్పుడి. అది విశ్వాసము తక్కువగుట కాదు. మోషేయంతవాడు రాయిమీద కూర్చున్నాడు. కూర్చున్నందున యుద్ధము ఓడిపోలేదు. సూర్యుడు అస్తమించువరకు ఆయన చేతులు నిలుకడగా ఉన్నవి.

చివరగా ఈ శతాబ్ది సంవత్సరములో ప్రతి పాస్టరేటు చేయగల నాలుగు పనులను మీ ముందుంచి ముగింతుము. ఒకటి, ప్రతి సంఘములో జీతము లేకుండ ఏ పని ఎవరు చేయుచున్నారో ఒక పుస్తకములో వ్రాయుడి. వ్రాయుట మొదలుపెట్టగానే ఒక్కరిమీదనే అయిదు పనులున్నట్లు మీకే తెలియును. రెండు, రాబోవు బడ్జెట్టులో సేవకుల ఖర్చులకు ఒక పద్దు, చిన్నదైనను సరే, ఏర్పరచుడి. మూడు, ప్రతి పనికి రెండవ మనిషిని ఈ కోతల పండుగలోగా సిద్ధపరచుడి. నాలుగు, ఆదివారపు విజ్ఞాపన ప్రార్థనలో బిషప్ గారి కొరకు, పాలకుల కొరకు ప్రార్థించినట్లే, వారమునకు ఇద్దరు సేవకుల పేర్లు చెప్పి, వారి ఇంటివారి కొరకు ప్రార్థించుడి.

ఇవి చేయుటకు విదేశీ ధనము అక్కరలేదు, పెద్ద సభలు అక్కరలేదు. అహరోను, హూరు రాయిని ఎక్కడి నుండియో తెప్పింపలేదు. ఆ కొండమీద ఉన్నదే తెచ్చినారు. మన సంఘములలో కూడ అట్టి రాళ్లు చాల కలవు. ఒక బస్సు టిక్కెట్టు, ఒక ఆదివారపు సెలవు, జ్వరముగానున్న ఇంటికి ఒక గిన్నె చారన్నము, పేరు పెట్టి చేసిన ఒక ప్రార్థన. మొదటి నూరేండ్లలో మన ఊళ్లలో గంట వేసిన చేతులను దేవుడు ఎరుగును. రాబోవు కాలములో వేయవలసిన చేతులను ఆదుకొనుటకు ఆయన మనలను పిలుచుచున్నాడు. ఆయన కృప మనకందరికి తోడైయుండును గాక. ఆమేన్.